నేత ఇంటి హాల్లో వెలాస్కెస్ పటం పెట్టొచ్చా?

కొత్తవాడ కోడలు

అందరికీ నమస్తే. ఒక పటం గురించి మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మీ సలహా కావాలి.

మా తమ్ముడు ఆఫీసు పని మీద మాడ్రిడ్ వెళ్లి, వచ్చేటప్పుడు అక్కడి ప్రాడో మ్యూజియంలోని ఒక బొమ్మకు కాన్వాస్ ప్రింటు చుట్ట చుట్టి తెచ్చాడు. వెలాస్కెస్ అనే పాతకాలం స్పెయిన్ చిత్రకారుడు గీసిన, రాట్నం వడికే ఆడవాళ్ల బొమ్మ అది. ఇంకో పేరు ‘అరాక్నీ కథ’ అట. వెడల్పు మూడు అడుగులు ఉంటుంది.

మేం పద్మశాలీలం. మా మామయ్య వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నూలు తివాచీలు) నేసిన మనిషి. అత్తయ్య నేతకు దారం కండెలు చుట్టేది. మామయ్యకు మోకాళ్ల నొప్పులు వచ్చాక మగ్గం ఆపేశారు. ఇప్పుడు హన్మకొండ వైపు చిన్న ఇల్లు కట్టుకున్నాం. హాల్లో సోఫా వెనక గోడ ఖాళీగా ఉన్నది. బొమ్మలో రాట్నం చూసి “బావ వాళ్లింటికి ఇంతకన్నా ఏం కావాలె” అని తమ్ముడు తెచ్చాడు. మొదట అందరికీ నచ్చింది. వాడు అంతటితో ఊరుకోకుండా కథ కూడా చెప్పాడు. నేతలో నన్ను మించినవాళ్లు లేరన్న పిల్లను ఒక దేవత సాలీడుగా మార్చేసిందని. అప్పటినుంచి మామయ్య “అది నా కండ్ల ముందర పెట్టకు బిడ్డా” అంటున్నారు. మా ఆయనేమో “కథలు పట్టించుకుంటే గోడకు ఒక్క పటం కూడా ఉండదు” అంటారు.

హాల్లో పెట్టమంటారా? పెడితే ఎట్లా పెట్టాలి? అద్దం వేయించి పటం కట్టించాలా, వద్దా? బొమ్మ చాలా చీకటిగా ఉన్నది, మా హాల్లో ట్యూబ్‌లైటు తప్ప వేరే లైటు లేదు.

నర్సంపేట నవ్వులు

బరోక్ బొమ్మలంటే (1600ల నాటి యూరప్ శైలి) ఒంటి మీద గుడ్డలు లేనివాళ్లే ఉంటారనుకున్నా. మీ తమ్ముడు గుడ్డలు నేసేవాళ్ల బొమ్మ తెచ్చాడు, సంతోషించండి అక్కా. అదే మ్యూజియంలో రూబెన్స్ అనే ఇంకో బరోక్ చిత్రకారుడు 1636లో గీసిన సాటర్న్ అనే రోమన్ దేవుడి బొమ్మ ఉన్నది. కన్నకొడుకును కొరుక్కు తింటుంటాడు. అది తెచ్చి ఉంటే డైనింగ్ టేబుల్ పక్కన పెట్టాల్సి వచ్చేది.

బొమ్మల మాస్టారు

అమ్మా, రిటైరైన డ్రాయింగ్ టీచర్‌ని. గోడ సంగతి తర్వాత, ముందు బొమ్మలో ఏమున్నదో చెప్తాను. ఇంట్లో తగువు దాని గురించే కదా.

వెలాస్కెస్ (1599–1660) స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ ఆస్థాన చిత్రకారుడు. ఇది ఆయన చివరి రోజుల్లోది, 1655–60 మధ్య గీశాడంటారు. ముందు భాగంలో అయిదుగురు ఆడవాళ్లు పనిలో ఉన్నారు. ఎడమవైపు తలకు తెల్లగుడ్డ కట్టుకున్న ముసలావిడ రాట్నం తిప్పుతున్నది. కుడివైపు తెల్ల రవిక తొడుక్కున్న పిల్ల మనకు వీపు పెట్టి దారం చుడుతున్నది. మధ్యలో కింద కూర్చున్నావిడ ఉన్ని సవరిస్తున్నది. ఆమె ముఖం నీడలో కలిసిపోయింది, కండ్లూ ముక్కూ తెలియవు. కాళ్ల దగ్గర పిల్లి. వాళ్ల వెనక, కొంచెం ఎత్తులో, వెలుతురు నిండిన ఇంకో గది ఉన్నది. ఆ గది గోడకు బొమ్మలు నేసిన పెద్ద తెర వేలాడుతుంది. తెర ముందర శిరస్త్రాణం పెట్టుకుని చెయ్యెత్తిన ఎథీనా దేవత, ఆమెకు ఎదురుగా అరాక్నీ. చూడవచ్చిన గొప్పింటి ఆడవాళ్లు ముగ్గురు.

రాట్నం చక్రాన్ని దగ్గరికెళ్లి చూడండి. ఆకులు (చక్రం చువ్వలు) గీయలేదాయన. జోరుగా తిరిగే చక్రంలో ఆకులు కనబడవు కదా, అందుకని మెరుపు గీతలు రెండు మూడు గుండ్రంగా లాగి వదిలేశాడు. వెనకున్న గోడ దాని గుండా కనబడుతుంది. ఫోటో కెమెరా రావడానికి దాదాపు రెండు వందల ఏండ్ల ముందు సంగతి ఇది.

కథ ఓవిడ్ అనే రోమన్ కవి చెప్పింది. అరాక్నీ లిడియా దేశపు పిల్ల, తండ్రి ఉన్నికి రంగులద్దేవాడు. నేతలో దేవతతోనే పోటీ అన్నది. ఎథీనా ముసలమ్మ వేషంలో వచ్చి క్షమాపణ అడగమని హెచ్చరించింది. పిల్ల వినలేదు. పోటీ జరిగింది. దేవత తన బట్టలో దేవతల గొప్పతనం నేసింది. అరాక్నీ దేవతలు ఆడవాళ్లను మోసం చేసిన కథలు నేసింది. ఆ నేతలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదని ఓవిడే చెప్తాడు. దేవత కోపంతో ఆ బట్ట చింపి, చేతిలో ఉన్న నాడెతో (మగ్గంలో అడ్డదారం నడిపే పనిముట్టు) పిల్ల నుదుటి మీద కొట్టింది. పిల్ల ఉరేసుకున్నది. అప్పుడు దేవత జాలిపడి ఆమెను సాలీడుగా మార్చింది.

ముందున్న ముసలావిడే వేషం మార్చిన ఎథీనా, వీపు పెట్టిన పిల్లే అరాక్నీ అని చాలామంది పండితుల మాట. అయితే చాలాకాలం ఇదంతా ఎవరికీ పట్టలేదు. మాడ్రిడ్‌లోని శాంటా ఇసబెల్ నేత కార్ఖానా దృశ్యం అనే అనుకున్నారు. 1664 నాటి ఒక ఆస్తుల జాబితాలో దీన్ని ‘అరాక్నీ కథ’ అని రాసి ఉన్న సంగతి 1948లో బయటపడింది. అంటే కథ తెలియకుండానే జనం రెండొందల ఏండ్లకు పైగా ఈ బొమ్మను ఇష్టపడ్డారు.

ఈశాన్యం

బొమ్మ గొప్పదే కావచ్చు మాస్టారూ. కానీ శాపం, ఉరి, దెబ్బలు ఉన్న కథ ఇంట్లో ఎందుకు? కురుక్షేత్ర యుద్ధం పటం కూడా ఇంట్లో పెట్టొద్దంటారు పెద్దలు. అందులోనూ నేత మీద బతికిన ఇంట్లో నేతగత్తెకు శాపం తగిలిన బొమ్మ. పెద్దాయన చెప్పింది వినండి. పెట్టక తప్పదంటే ఈశాన్యం గోడ వదిలేసి దక్షిణం గోడకు పెట్టండి.

జమ్మికుంట పత్తి

ఈశాన్యం అన్నా, గీతోపదేశం క్యాలెండర్ లేని ఇల్లు మా ఊళ్లో ఒక్కటి చూపించు. అది కురుక్షేత్రం మధ్యలో ఆపిన రథమే కదా.

ఇంకొక మాట. సాలీడు అయితే అశుభం అని ఎవరన్నారు? శ్రీకాళహస్తిలో మొదటి పేరే సాలీడుది. శివలింగం మీద గూడు అల్లి, దీపం మంటకు ఆ గూడు కాలిపోతుంటే మంటనే మింగబోయి మోక్షం పొందింది. మన దగ్గర సాలీడు అల్లిక పూజ అయింది. వాళ్ల దగ్గర శిక్ష అయింది. ఆ సాలీడును ఈ సాలీడు పక్కన తలుచుకుంటే పెద్దాయనకు కొంచెం మనసు కుదురుతుందేమో.

కొత్తవాడ కోడలు

మాస్టారు గారూ, చాలా థ్యాంక్స్. రాట్నం చక్రం సంగతి చదివి ప్రింటు విప్పి చూశాను, నిజంగానే ఆకులు లేవు.

జమ్మికుంట అన్నయ్యా, కాళహస్తి మాట మామయ్యతో అన్నాను. నవ్వారు. కానీ ఆయన బాధ అశుభం గురించి కాదని నిన్న రాత్రి అర్థమైంది. ఆయన మాటల్లోనే చెప్తాను.

“నేను నేసిన దర్రీ తీస్కపోతే సావుకారి ముందుగాల అంచు చూసేటోడు, తర్వాత తిరగేసి చూసేటోడు, తప్పు దొరక్కపోతే రంగు బాగలేదని కూలి కోసేటోడు. బిడ్డా, నేతలో తప్పు లేకపోయినా కొట్టినామె దేవతెట్లయితది? సావుకారే గదా. పొద్దున లేస్తే ఆయన మొకం చూడాల్నా నేను?”

అత్తయ్య ఇంకో మాట కలిపింది. మన కులపురాణంలో దేవతలే బట్ట కావాలని అడిగితే భావనా రుషి తామర తూళ్ల నారతో నేసి ఇచ్చాడు, దేవతలు నేతగాని దగ్గరికి వస్తే అట్లా రావాలి అని. ఇద్దరికీ నేనేం జవాబు చెప్పను?

నర్సంపేట నవ్వులు

మామయ్యకు నా దండం చెప్పండి అక్కా. మ్యూజియం వాళ్లు పక్కన పెట్టే చీటీలో ఈ మాట రాసుకోవాలి.

బొమ్మల మాస్టారు

పెద్దాయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఓవిడ్ కథ చదివినవాళ్లలో ఎందరో ఆ పిల్ల పక్షమే. నేను చెప్పేదల్లా వెలాస్కెస్ ఎవరి పక్షమో చూడమని.

వెనక గదిలో వేలాడే తెర మీద ఏమున్నది? ఎద్దు రూపంలో వచ్చిన దేవతల రాజు జూపిటర్, యూరోపా అనే రాజకుమారిని ఎత్తుకుపోతున్న బొమ్మ. అది ఇటలీ చిత్రకారుడు టిషియన్ గీసిన ప్రసిద్ధ చిత్రానికి నకలు. అసలు బొమ్మ అప్పుడు స్పెయిన్ రాజు దగ్గరే ఉండేది. రూబెన్స్ 1628–29లో మాడ్రిడ్ వచ్చినప్పుడు ముచ్చటపడి దాన్ని చూసి గీసుకున్నాడు. వెలాస్కెస్ అప్పటికే ఆస్థానంలో ఉన్నాడు. అంటే అరాక్నీ ఏం నేసిందో చూపించాల్సి వస్తే, తను ఎరిగిన అన్నిటికన్నా గొప్ప బొమ్మను ఆమె మగ్గం మీద నుంచి వచ్చినట్టు పెట్టాడు. ఓడిపోయినదానికి ఎవరైనా అట్లా గౌరవం చేస్తారా? నా లెక్కన ఆయన నేసిన పిల్ల వైపే ఉన్నాడు.

ఇంకోటి. దేవతను ఎక్కడ పెట్టాడు? చిన్నగా, దూరంగా, వెనక. మనిషంత పెద్దగా ముందుకు తెచ్చింది దారం వడికే చేతులనూ చెమట పట్టిన మెడనూ. కొట్టడం, ఉరి, సాలీడు, ఏదీ గీయలేదు.

ఈశాన్యం

చెయ్యెత్తింది కదా మాస్టారూ.

బొమ్మల మాస్టారు

ఎత్తింది. ఒప్పుకుంటాను. ఆ దెబ్బ పడకముందే బొమ్మ ఆగిపోయింది, అంతే నేను చెప్పగలిగేది.

లెన్సు కన్ను

అక్కా, ప్రింటింగ్ పని చేస్తాను కాబట్టి కథలోకి పోను. ఒక టేపు పట్టుకుని మీ ప్రింటు పొడవు వెడల్పులు కొలిచి చెప్పండి.

ఎందుకంటే ఈ బొమ్మకు రెండు ఆకారాలు తిరుగుతుంటాయి. వెలాస్కెస్ గీసింది దాదాపు 167 సెంటీమీటర్ల ఎత్తు, 252 వెడల్పు. 18వ శతాబ్దంలో ఎవరో పైనా పక్కలా బట్ట అతికి 220కి 289 చేశారు. పైన కనబడే కమాను, గుండ్రటి కిటికీ ఆ అతుకులోవే. 2021లో ప్రాడో వాళ్లు కొత్త చట్రం చేయించి ఆ అతుకులు కనబడకుండా మూసేశారు. పాత ఫోటోల నుంచి తీసిన ప్రింట్లలో మాత్రం అతుకులతో సహా వస్తుంది. 36 అంగుళాల వెడల్పుకు ఎత్తు 24 ఉంటే మీది అసలు కొలత, 27 దాటితే అతుకుల కొలత.

అతుకులది అయినా పారేయాల్సిన పని లేదు. కానీ పై భాగమంతా ఖాళీ చీకటి. దాంతో మనుషులు చిన్నగా, కిందికి దిగిపోయినట్టు కనిపిస్తారు. పటం కట్టించేటప్పుడు పై భాగం వెనక్కి మడిచేస్తే బొమ్మ ముందుకు వస్తుంది.

ఇంకొకటి చూడండి. మాస్టారు చెప్పిన ముఖం లేని ఆవిడ దగ్గర ప్రింటు నల్లటి మచ్చలా ఉన్నదా, లేక నీడలోంచి మనిషి భుజం, చెయ్యి తెలుస్తున్నాయా? బరోక్ బొమ్మల ప్రింటు మంచిదో కాదో తేల్చేది ఎరుపులు, పసుపులు కాదు, నీడలే. చవక ప్రింట్లలో ముదురు గోధుమ రంగులన్నీ కలిసి తారు పూసినట్టు అవుతాయి.

కొత్తవాడ కోడలు

కొలిచాను తమ్ముడూ. 36కి 24. భుజం తెలుస్తున్నది, ఒళ్లో ఉన్ని కూడా తెలుస్తున్నది. చుట్టూ తెల్ల అంచు ఒక అంగుళం ఉన్నది.

చెక్కపని

ఆ ఒక్క అంగుళం అంచుతోనే ఇబ్బంది. కరీంనగర్‌లో పటాలు కట్టేవాణ్ని కాబట్టి చెప్తున్నా. కాన్వాస్‌ను లోపలి చెక్క చట్రం మీద లాగి వెనక పిన్నులు కొట్టాలంటే కనీసం రెండు అంగుళాల అంచు కావాలి. అంచు తక్కువైతే బొమ్మనే పక్కలకు మడుస్తారు. అప్పుడు ఎడమ చివర ఎర్ర పరదా పట్టుకున్న పిల్ల సగం గోడ వైపు పోతుంది. షాపులో ముందే చెప్పండి, అంచుకు కాటన్ గుడ్డ అతికి లాగమనండి. కుట్టించకండి, కుట్టు గీత ముందుకు ఉబ్బుతుంది.

అద్దం వద్దు. కాన్వాస్‌కు అద్దం అక్కర లేదు. చీకటి బొమ్మకు మామూలు అద్దం వేస్తే మీ హాల్లో కిటికీ, టీవీ, మీ మొహం, అన్నీ కనిపిస్తాయి, బొమ్మ తప్ప. దుమ్ము భయమైతే మెరుపు లేని వార్నిష్ ఒక పూత వేయించండి. నెలకోసారి మెత్తటి పొడి బ్రష్‌తో దులిపితే చాలు. తడి గుడ్డ పెట్టొద్దు.

చట్రం టేకు అయితే మంచిది. మామిడి చెక్క చవకని కడితే చెద పట్టవచ్చు, వానాకాలం వంకర తిరగవచ్చు. లోపలి చట్రం మూలల్లో చిన్న చెక్క మేకులు పెట్టించుకోండి. వానలకు బట్ట వదులైతే ఆ మేకులను కొంచెం లోపలికి తట్టితే మళ్లీ బిగుస్తుంది. మేకులు లేని చట్రానికి ఆ సౌకర్యం ఉండదు, మళ్లీ విప్పి లాగాల్సిందే.

గోడ ఏ వైపు ఉన్నది? బయటి గోడ అయితే పటం వెనక నాలుగు మూలలకు రబ్బరు బిళ్లలు అంటించి అరంగుళం గాలి ఆడేట్టు చూడాలి. 2023 జూలై వానలకు హన్మకొండలో కాలనీలు మునిగినప్పుడు ఎంతమంది పటాలు బూజు పట్టి నా దగ్గరికి వచ్చాయో! నీళ్లలో మునిగినవి తక్కువ. గోడ చెమ్మ లాగి పాడైనవే ఎక్కువ. గాలి సందు వదిలితే బల్లులు దూరతాయని కొందరంటారు. దూరనీయండి, బల్లి బట్టను తినదు.

హంటర్ రోడ్డు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాదీ ఇలాంటి కేసే, కాకపోతే గుడ్డల సమస్య. రూబెన్స్ గీసిన పెర్సియస్, ఆండ్రోమెడా ప్రింటు ఉన్నది. అసలుది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్‌లో ఉన్నది, 1620ల నాటిది. సముద్ర రాక్షసుణ్ని చంపి రాజకుమారిని విడిపించే ఘట్టం. రెక్కల గుర్రం అద్భుతంగా ఉంటుంది. రాజకుమారి ఒంటి మీద మాత్రం ఏమీ లేదు. చుట్టాలు వస్తున్నారంటే మా ఆవిడ దాని ముందర క్యాలెండర్ వేలాడదీస్తుంది. వాళ్లు వెళ్లాక నేను తీస్తాను. ఇట్లా ఎన్నాళ్లు?

రామప్ప రాళ్లు

అన్నా, మీ ఇంటికొచ్చే చుట్టాలే సెలవులకు పాలంపేట వెళ్లి రామప్ప గుడి మదనికల (నాట్యం చేసే స్త్రీ శిల్పాల) ముందు ఫోటోలు దిగుతారు. నల్లరాతి నాగిని ఒంటి మీద పాములు తప్ప ఏమున్నాయి? 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది, గర్వంగా చెప్పుకుంటాం. గుడి మీద ఉంటే కళ, గోడ మీద ఉంటే సిగ్గా?

సందు చివరి ఇల్లు

గుడికి పోయి తలెత్తి చూసి వచ్చేది వేరు తమ్ముడూ, అన్నం తింటూ రోజూ చూసేది వేరు. మా ఇంట్లో సాయంత్రం ట్యూషన్ పిల్లలు పదిహేను మంది కూర్చుంటారు. వాళ్ల ముందర ఆండ్రోమెడాను పెట్టుకుని లసాగు, గసాభా చెప్పమంటావా? సిగ్గు కాదు, పిల్లల చూపు అటే ఉంటే నాకు పాఠం సాగదు. హంటర్ రోడ్డు అన్నయ్యా, మీ ఆవిడ చెప్పేది కూడా అదే అయి ఉంటుంది. పడకగదిలో పెట్టుకోండి, క్యాలెండర్ గొడవ ఉండదు.

హాలుకు పురాణం బొమ్మే కావాలంటే మా దగ్గరున్నది చెప్తాను. ఇటలీ చిత్రకారుడు గ్విడో రెనీ 1614లో రోమ్‌లో ఒక భవనం పైకప్పుకు వేసిన ‘అరోరా’. ఉషాదేవి పూలు చల్లుతూ ముందు పోతుంటే వెనక సూర్యుడి రథం, చుట్టూ చేతులు పట్టుకుని నడిచే కన్యలు. బట్టలు దండిగా ఉన్నాయి, సూర్యుడికి కొంచెం తక్కువ. ఎత్తుకు రెండున్నర రెట్లు పొడవు కాబట్టి సోఫా మీదికి కొలిచి చేసినట్టు సరిపోతుంది. మా నాయనమ్మ దాన్ని చూసి “గుర్రాలు నాలుగే ఉన్నయేందే, ఏడుండాలె గదా” అన్నది. ఆ తర్వాత రథసప్తమి నాడు పటానికి బొట్టు పెట్టింది. ఇప్పుడు దులిపేటప్పుడు ఆ కుంకుమ చుట్టూ తుడుస్తున్నాం.

జమ్మికుంట పత్తి

నాయనమ్మే కరెక్టు. అసలు మన పూజగదుల్లో ఉన్న లక్ష్మీ సరస్వతులు ఎక్కడి నుంచి వచ్చారు? రవివర్మ యూరప్ తైలవర్ణాల పద్ధతి నేర్చి గీసి, 1894లో బొంబాయి దగ్గర ప్రెస్సు పెట్టి అచ్చు వేయిస్తే ఇంటింటికీ చేరినవే కదా. ఆ బొమ్మల మీద జరీ, చమ్కీలు కుట్టి పటం కట్టించుకున్నారు మన ముందుతరం. వాళ్లు ఎవరినీ సలహా అడగలేదు.

మోడరేటర్

గుడ్డల చర్చ వేరే పోస్టులో పెట్టుకుందాం. ఇక్కడ కొత్తవాడ అక్క గోడ గురించే మాట్లాడండి.

చేర్యాల దారి

అక్కా, ఒక ఐడియా. మీ కులపురాణం చెప్పే కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం పటం విప్పి కథ చెప్తారు కదా. ఆ పటాలు గీసేది మా చేర్యాల నకాషీ చిత్రకారులే. అందులోంచి భావనా రుషి నేస్తున్న ఘట్టం ఒక్కటి చిన్న పటంగా గీయించి వెలాస్కెస్ పక్కన పెట్టండి. ఇటు దేవతలకు బట్ట నేసిచ్చిన రుషి, అటు దేవతతో పోటీ పడిన పిల్ల. అత్తయ్య గారికీ జవాబు దొరుకుతుంది.

బొమ్మల మాస్టారు

ఆలోచన బాగున్నది, కానీ ఒకే గోడకు వద్దు. చేర్యాల పటం నేపథ్యం నిండు ఎరుపు. గీతలు గట్టిగా, రంగులు విడివిడిగా, నీడ అనేదే ఉండదు. అది పది అడుగుల దూరం నుంచి పిలిచే బొమ్మ. ఊళ్లో రాత్రిపూట దీపం వెలుతురులో జనమంతా చూడాలని పుట్టింది మరి. వెలాస్కెస్ బొమ్మలో సగం నీడే. పక్కపక్కన పెడితే చేర్యాల ఎరుపు దీన్ని మింగేస్తుంది, పెద్దబొమ్మ మాసిన గుడ్డలా కనిపిస్తుంది. ఎదురెదురు గోడలకు పెట్టుకోండి. లేదా చేర్యాలది వాకిట్లోకి రాగానే కనబడేట్టు, ఇది లోపల.

గోడ రంగు కూడా చూడాలి. తెల్లటి పుట్టీ గోడ మీద చీకటి బొమ్మ పెడితే గోడకు రంధ్రం పడ్డట్టు ఉంటుంది. ఆ ఒక్క గోడకు మట్టి రంగో, ముదురు ఆలివ్ రంగో వేయిస్తే నీడల్లోని వివరం పైకి వస్తుంది.

లెన్సు కన్ను

లైటు సంగతి ఎవరూ చెప్పలేదు. ట్యూబ్‌లైటు 6500 కెల్విన్ తెలుపు. దాని కింద ఎర్ర పరదా వంకాయ రంగులోకి పోతుంది, చర్మం పాలిపోతుంది. సీలింగ్‌కు చిన్న ఎల్‌ఈడీ స్పాట్ ఒకటి పెట్టించండి, 3000 కెల్విన్ (పసుపు వైపు ఉండే వెలుగు), సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్నది. ఏడు వాట్లు చాలు. గోడకు మరీ దగ్గరగా పెడితే కాన్వాస్ గరుకంతా నీడలు పడుతుంది, మరీ దూరం పెడితే మనిషి నీడ పడుతుంది. నిలువు నుంచి 30 డిగ్రీలు వంచితే సరి. పడమటి కిటికీ ఎండ నేరుగా పడే గోడ మాత్రం వద్దు. మే నెల ఎండ రోజూ గంటసేపు పడితే మంచి ఇంకు కూడా నాలుగైదు ఏండ్లలో వెలుస్తుంది, మొదట ఎరుపే పోతుంది.

ఎత్తు గురించి ఒక్కమాట. మన ఇండ్లలో పటాలన్నీ దర్వాజ పైకెక్కించి ముందుకు వంచి పెడతాం. పెద్దల ఫోటోలకు, దేవుళ్లకు అది మర్యాద. ఈ బొమ్మను అక్కడ పెడితే రాట్నం చక్రం ఎవరికీ కనబడదు. బొమ్మ మధ్యభాగం నేల నుంచి నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలు ఉండాలి. సోఫా పైన అయితే సోఫా వీపుకూ పటానికీ ఆరు నుంచి ఎనిమిది అంగుళాల సందు చాలు.

సందు చివరి ఇల్లు

సోఫా మీద పెడితే తలనూనె మరకలు అంటుకుంటాయి, అది కూడా చూసుకోండి. మా అరోరాకు కింది అంచంతా అదే.

కొత్తవాడ కోడలు

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. ఆదివారం ప్రింటును మంచం మీద పరిచి మామయ్యను, అత్తయ్యను పిలిచాను. కథ ఎత్తలేదు. ఊరికే చూడమన్నాను.

మామయ్య కండ్లద్దాలు పెట్టుకుని మొదలు అడిగిన మాట: “మగ్గమేది?” నిజమే, బొమ్మంతా వెతికినా మగ్గం లేదు. వడికేది ఉన్నది, ఉన్ని సవరించేది ఉన్నది, చుట్టేది ఉన్నది, నేసిన తెర వెనక వేలాడుతున్నది. నేసే మనిషి లేడు. “ఆడోళ్ల పనంతా పెట్టి మగ్గం ఇడిచిపెట్టిండు” అన్నారు. అత్తయ్య వెంటనే “ఎవరో ఒకరు మా పని గీసిండ్రు, గీయనీయ్” అన్నది. ఆ వీపు పెట్టిన పిల్ల చెయ్యి దగ్గర వేలు పెట్టి “ఈ పిల్ల చెయ్యి సరిగ్గున్నది, దారం బిగి పోకుండ పట్టింది. ముసలిదాని చెయ్యి గూడ సరే” అని తేల్చింది. ఇద్దరూ చాలాసేపు రాట్నం గురించే మాట్లాడుకున్నారు. చిలపలు (నూలు చుట్టలు) తడి ఆరకముందే కండెలకు ఎక్కిస్తే ఏమవుతుంది, అప్పట్లో ఎవరింట్లో ఎన్ని రాట్నాలు ఉండేవి, ఇట్లాంటివి.

తీర్పు ఏమిటంటే: హాల్లో వద్దు. అక్కడ మామయ్య కుర్చీకి ఎదురుగా పడుతుంది, వెనక గదిలో చెయ్యెత్తిన ఆమె ఆయనకు కనబడుతూనే ఉంటుంది. వంటింటికీ డైనింగుకూ మధ్య గోడకు పెట్టమన్నారు. అది లోపలి గోడ, ఎండ పడదు, చెమ్మ లేదు. ఇంకో షరతు కూడా పెట్టారు. “ఎవరన్న అడిగితే రాట్నం బొమ్మ అని చెప్పు. ఆ సాలీడు కత చెప్పకు.”

బొమ్మల మాస్టారు

అంటే 1948కి ముందు అందరూ ఏమని చెప్పేవారో మీ ఇంట్లో మళ్లీ అదే చెప్తారన్నమాట. నాకేం అభ్యంతరం లేదు. మగ్గం లేదన్న మాట మాత్రం నా సర్వీసులో ఏ విద్యార్థీ అనలేదు, నాకూ తట్టలేదు.

ఈశాన్యం

వంటింటి పక్క అంటే ఆగ్నేయమా?

కొత్తవాడ కోడలు

అవునండీ, ఆగ్నేయం.

ఈశాన్యం

అయితే ఫర్వాలేదు. ఎర్ర పరదా ఉన్నది కదా, ఆగ్నేయానికి ఎరుపు మంచిదే.

నర్సంపేట నవ్వులు

ఈశాన్యం అన్న కూడా ఒప్పుకున్నాడు. ఈ చర్చంతా అచ్చు వేయించి పటం కట్టించాలి.

చెక్కపని

వంటింటి దగ్గర అంటే పోపు జిడ్డు వస్తుంది అక్కా. నేను చెప్పిన వార్నిష్ పూత అయితే తప్పనిసరి. స్టవ్వుకు ఎంత దూరం?

కొత్తవాడ కోడలు

తొమ్మిది అడుగులు. మధ్యలో తలుపు ఉన్నది, చిమ్నీ కూడా ఉన్నది. గోడ సిమెంటు ఇటుకది, సుత్తితో మేకు కొడితే వంగిపోతున్నది.

చెక్కపని

ఆ ఇటుకకు మేకు పనికిరాదు. డ్రిల్లు పెట్టి ఎనిమిది ఎంఎం ప్లగ్గులు రెండు వేయించండి, ఒకదానికొకటి రెండడుగుల ఎడం. ఒకే మేకు మీద వైరుతో వేలాడదీస్తే తలుపు వేసినప్పుడల్లా పటం పక్కకు జరుగుతుంది. ఇటుక లోపల బోలుగా ఉంటే మామూలు ప్లగ్గు తిరుగుతుంది, అప్పుడు రెక్కలు విచ్చుకునే రకం అడగండి, హార్డ్‌వేర్ షాపుల్లో ఉంటుంది. టేకు చట్రంతో కలిపి బరువు నాలుగు కిలోలు దాటదు, భయం లేదు.

హంటర్ రోడ్డు

ఇదే కొలతలు నా రూబెన్స్‌కూ పనికొస్తాయా అన్నా? పడకగదికి మారుస్తున్నా.

చెక్కపని

పనికొస్తాయి. మంచం తలవైపు గోడకు మాత్రం పెట్టకండి, ఎదురు గోడకు పెట్టండి. ఆ క్యాలెండర్ మేకు పీకేసి రంధ్రానికి పుట్టీ పెట్టించండి.